సాక్షి సంతకం

వచ్చే వారం ప్రమీలకు గుండె ఆపరేషను. ఈలోగా తన ఇల్లు మేమిద్దరం చదివిన ఆడపిల్లల హైస్కూలుకు వీలునామా రాస్తానని, సాక్షి సంతకానికి రమ్మని నన్ను పిలిచింది. ఆ ఇంటి ముందుగదిలోనే పన్నెండేళ్లుగా నా కుట్టుమిషను, నా మంచం. రాజంపేటలో నాకు వేరే నీడ లేదు. అయినా వెళ్లాను.

రిజిస్ట్రారాఫీసు ముందు మధ్యాహ్నం దాకా ఎండలో కూర్చున్నాం.

"ఏమ్మే, పది పాసైనదానివి, నువ్వు ఇల్లిస్తాండావు. ఏడులోనే బడి ఎగ్గొట్టినదాన్ని, నేనేమియ్యల్ల? తుప్పు సూదులా?" అన్నాను.

"నోరు మూసుకోని కూచో. శానా అలుపుగా ఉండాది."

"నా మిషను యాడ పెట్టుకోవల్లనో గూడా దాంట్లో రాయించు."

నేనే నవ్వాను. ఆమె నవ్వలేదు.

దస్తావేజులు రాసే ఆయన నా ఆధార్ చూశాడు. కాగితం చూశాడు. పెన్ను వెనక్కి తీసుకున్నాడు.

"నాగలక్ష్మమ్మంటే నువ్వేనా? అయితే నువ్వు సంతకం పెట్టగూడదు. వీలునామాలో నీ పేరుండాది."

"నా పేరెందుకుంటాదప్పా?"

ఆయన చదివాడు. "నా తదనంతరం నా స్నేహితురాలు నాగలక్ష్మమ్మ బతికున్నంత కాలం ఈ ఇంట్లోనే ఉండాలి. ఆమె తర్వాతే ఇల్లు బడికి చెందాలి."



"దీన్ని తప్ప ఇంగెవర్ని పిలవల్ల నేను?" అని ప్రమీల ఆయన్ను విసుక్కుంది. తర్వాత నావైపు తిరిగింది.

"బడి హెడ్‌మేడమ్ నీ వయసెంతని అడిగింది మే. అది గట్టి పిండం, మీరు శానా ఏండ్లు కాసుకోవల్లని చెప్పినా."