ఎఫ్. క్విల్ పతకం

“ఆ చీటీ తీసెయ్యి బాబూ.”

లెస్ ప్రౌట్ తలెత్తి చూశాడు. వెడల్పు అంచు టోపీ పెట్టుకున్న ముసలాయన ఒకాయన చేతికర్రతో గాజుపెట్టెను చూపిస్తున్నాడు. ఎనభై దాటి ఉంటాయి.

బెండిగో ఊళ్ళో జరిగే నాణేల ప్రదర్శనలో పొరపాటు అచ్చుల బల్ల లెస్‌ది. రాణిగారి తల పక్కకి జరిగిపోయిన యాభై సెంట్ల బిళ్ళ, కంగారూలు రెండుసార్లు పడిన డాలరు, ఒకవైపు నున్నగా ఏమీ లేని పాత పెన్నీ. వాటన్నిటి నడుమ, నల్లటి మఖమలు మీద, ఒక కంచు పతకం. మొదటి బహుమతి నీలం రిబ్బను దానికి కట్టి అరగంటయింది. అప్పటినుంచీ లెస్‌కి కాళ్ళు నేలమీద ఆనడం లేదు.

“ఎందుకు తియ్యాలి పెద్దాయనా?”

“తప్పు రాశావు గనక.”

లెస్‌కి చురుక్కుమంది. “ఇరవై రెండేళ్ళు వెతికి పట్టుకున్నాను దీన్ని. దీని గురించి నాకు తెలియంది మీకేం తెలుసో చెప్పండి.” చీటీ తీసి, పక్క బల్లల వాళ్ళకి కూడా వినపడేలా చదివాడు. “మర్రే నది వరదలో పడవేసుకెళ్ళి పదకొండు మందిని కాపాడిన ఆర్. క్విల్ గౌరవార్థం వరంబా ఊరివాళ్ళు చేయించిన పతకం. మొదటి అచ్చులో ‘ఆర్’ బదులు ‘ఎఫ్’ పడింది. అన్నీ వెనక్కి తీసుకుని కరిగించారు. మిగిలింది ఇదొక్కటే.”

“ఒక్కటైనా మిగిలిందని నాకు తెలియదు,” అన్నాడు ముసలాయన. “ఒకసారి చేతికివ్వు.”

“అద్దంలోంచి చూడండి. వేలిముద్రలు పడితే పాడవుతుంది.”

“అంత వరదకే పాడవని పేరయ్యా అది. నా వేలికి పాడవుతుందా?”

చుట్టూ జనం పోగయ్యారు. నాణేల సంఘం అధ్యక్షురాలు గ్లెనిస్ టీ కప్పుతోనే వచ్చింది.

“ఏంటి లెస్, ఏం జరుగుతోందిక్కడ?”

“ఈయన చీటీ తప్పంటున్నారు, మన పతకంలో పొరపాటే లేదన్నట్టు.”

“పొరపాటు లేకపోతే నీ రిబ్బను ఊడినట్టే,” అని ఎవరో అంటే నలుగురూ నవ్వారు.

గ్లెనిస్ కప్పు బల్లమీద పెట్టి కలం తీసింది. “అభ్యంతరం రాసుకుంటానండీ. మీ పేరు?”

“రాయ్ క్విల్.”

లెస్ మొహంలో కోపం ఎటుపోయిందో పోయింది. గబగబా పెట్టె తాళం తీసి, పతకాన్ని మఖమలుతో సహా ఎత్తి ఆయన ముందుంచాడు.

“ఆ ఆర్. క్విల్ మీరేనా? ముందే చెప్పకూడదటండీ? ఇన్నేళ్ళుగా మీ కథ కనపడ్డ ప్రతివాడికీ చెప్తున్నాను. ఒక్కసారి చెయ్యివ్వండి.”

ముసలాయన చెయ్యివ్వలేదు. కోటు జేబులోంచి మరో కంచు పతకం తీసి బల్లమీద పెట్టాడు. దానిమీద ‘ఆర్. క్విల్’ అని స్పష్టంగా ఉంది.

“నీ చీటీ దీని ముందు పెట్టుకో. రిబ్బనూ దీనికే కట్టు. ఉంచేసుకో, నాకు వద్దు.”

“ఇది సరైన అచ్చు కదండీ,” అన్నాడు లెస్ అయోమయంగా. “మీ పేరే ఉంది.”

ముసలాయన మొదటి పతకాన్ని అరచేతిలోకి తీసుకున్నాడు. బొటనవేలితో ‘ఎఫ్’ని తడిమాడు. వంగిన నడుము నిటారుగా లేచింది.

“పేరు నాదే. ఆడపిల్లకి పతకమేంటని ఊరి పెద్దలు మార్పించారు,” అన్నాడు అందరికీ వినపడేలా. “పడవ నడిపింది మా అక్క ఫ్రీడా. చెట్టెక్కి ఏడుస్తూ కూర్చున్న నన్ను దింపింది కూడా తనే.”