సామ్రాజ్యం రాని శుక్రవారం

"ఇంకో ముద్ద పెట్టమ్మా," అంది ధనమ్మ, టీవీ మీంచి చూపు తిప్పకుండానే.

కోడలు స్వర్ణలత పప్పన్నం కలిపి పెట్టింది.

కూతురు రావమ్మ పోయిన దగ్గర్నుంచి ముసలావిడకి అన్నం సయించడం లేదు. మందులు మార్చారు. డాక్టర్లను మార్చారు. చివరికి ఆమె చేత అన్నం తినిపించింది శుక్రవారం సాయంత్రం వచ్చే ఒక కామెడీ షో.

అందులో సామ్రాజ్యం అనే ఆవిడ కొంగు బిగించి, కుళాయి దగ్గర బిందె పెట్టి, వీధి మొత్తాన్ని దులిపేస్తుంది.

ధనమ్మ పొట్ట పట్టుకుని నవ్వుతుంది. ఆ నవ్వే వారమంతా ఆమెను నడిపిస్తుంది.

"ఇది మా దివిసీమ పిల్లేరా దేవదానం. ఆ నడక చూడు, చేను గట్టు మీద నడిచినట్టు లేదూ? మీ అక్క కూడా అట్టానే నడిచేది."

"ఊఁ," అనేవాడు కొడుకు దేవదానం.

ఆయనకు గుడివాడలో ఎరువుల కొట్టుంది. చర్చి సంఘంలో పెద్ద. ఇంట్లో సినిమా పాట కూడా మోగనివ్వని మనిషి. శుక్రవారం ఉపవాస ప్రార్థనలో మోకాళ్ళ మీద తల్లి కోసం వేడుకుని ఇంటికి వచ్చేసరికి, ఆమె సామ్రాజ్యాన్ని చూస్తూ కంచం ఖాళీ చేస్తూ ఉండేది.

అడిగింది ప్రార్థనలో, దొరికింది టీవీలో. దీన్ని ఏమనుకోవాలో ఆయనకు తెలియలేదు.

టీవీ మాత్రం కట్టెయ్యలేదు.

మేడ మీద గదిలో ఏసుబాబు అనే కుర్రాడు అద్దెకుండేవాడు. ఈవెంట్ల పని అని చెప్పి చేరాడు. హైదరాబాద్ వెళ్తుంటాడు, వస్తుంటాడు. ఎవరి జోలికీ పోడు.

ఒక శుక్రవారం దేవదానం ప్రార్థన నుంచి వచ్చేసరికి ఆ కుర్రాడు మెట్ల మీద, హాలు కిటికీ పక్కన కూర్చుని ఉన్నాడు.

"ఇక్కడేం పని బాబూ?"

ఏసుబాబు గబుక్కున లేచాడు. "ఏం లేదండి. మామ్మగారు నవ్వుతుంటే వింటున్నానండి."

"నవ్వు వినడమేంటి? లోపల ఆడవాళ్ళు ఉంటారు. ఇక్కడ కూర్చోవద్దు."

"అలాగేనండి."

ఆ ఆదివారం గుడి బయట పక్కింటి రత్నకుమారి ఆయన్ని ఆపింది.

"అన్నయ్యగారూ, మీ మేడ మీద అబ్బాయికి పెళ్ళయిందాండీ?"

"లేదమ్మా."

"మరి దండెం మీద చీరలెవరివండీ? మా డాబా మీదకి కనపడతన్నాయి. మంచి రంగులు." ఆమె గొంతు తగ్గించింది. "సంఘ పెద్దలు. మీకు చెప్పేంత దాన్ని కాదు."

దేవదానానికి ఆ పూట భోజనం రుచించలేదు. సాయంత్రం మేడెక్కాడు.

"ఈ చీరలెవరివి?"

ఏసుబాబు గబగబా దండెం మీంచి చీరలు తీయసాగాడు.

"ఎవరన్నా వస్తున్నారా ఇక్కడికి?"

"లేదండి. ఎవరూ రారండి. పనికి సంబంధించినవండి."

"చీరలతో నీకేం పని?"

"చెప్పొచ్చు గానండి, చెప్పిన చోటల్లా ఖాళీ చేయమన్నారు."

"చెప్పకపోతే నేనూ అదే అంటాను."

కుర్రాడు తీసిన చీరలు మడిచి పెట్టాడు. "సరేనండి," అన్నాడు.

తెల్లవారి సామాను ఆటోలో వేసుకున్నాడు. వెళ్ళేముందు గుమ్మం దగ్గర ఆగాడు.

"మామ్మగారూ, వెళ్ళొస్తానండి. వేళకి తినండి."

"ఎక్కడికయ్యా?"

"ఇల్లు దొరికిన చోటికండి."

ఆటో వీధి మలుపు తిరిగింది. "నెమ్మదైన పిల్లాడు. ఎందుకు పంపించావురా?" అంది ధనమ్మ.

"నీకు తెలియదులేమ్మా."

కొన్నాళ్ళకు ఒక శుక్రవారం టీవీలో కుళాయి దగ్గర ఇంకెవరో నిలబడ్డారు. ధనమ్మ ముద్ద నోట్లో పెట్టుకోలేదు.

"సామ్రాజ్యం ఏదీ?"

"వచ్చే వారం వస్తుందిలే అత్తయ్యా."

వచ్చే వారమూ రాలేదు. స్వర్ణలత పాత షోలు ఫోన్‌లో పెట్టి చూపించింది. "ఇవన్నీ చూశాంగా," అని ధనమ్మ గోడ వైపు తిరిగి పడుకుంది.

కంచాలు పెట్టినవి పెట్టినట్టే వెనక్కి వస్తున్నాయి. సెలైన్ పెట్టిన డాక్టరు, "ఏదో విధంగా తినేలా చూడండి, ఈ వయసులో సూదులతో ఎన్నాళ్ళు లాగుతాం?" అన్నాడు.

దేవదానం ఆ రోజు ప్రార్థనలో కళ్ళు మూసుకున్నాడు. ఒక కామెడీ ఆవిడను పంపించమని దేవుణ్ణి అడగొచ్చా?

అడిగాడు.

ఇంటికి వచ్చి మేనల్లుడికి ఫోన్ చేశాడు. రావమ్మ కొడుకు శామ్యూల్ రాజ్ హైదరాబాద్‌లో టీవీ కెమెరామేన్.

"ఆ సామ్రాజ్యాన్ని ఒక్కసారి తీసుకురాగలవేమో చూడరా. అమ్మమ్మ పక్కన కూర్చుని ఒక ముద్ద పెడితే చాలు. నేనే వచ్చి బతిమాలమన్నా వస్తాను."

"కనుక్కుంటాను మావయ్యా."

మర్నాడు సాయంత్రం శామ్యూల్ రాజ్ ఫోన్ చేశాడు. గొంతులో హుషారు లేదు.

"సామ్రాజ్యం ఇంక రారు మావయ్యా. ఆ వేషం మానేశారంట."

"అదేంట్రా? అంత బాగా చేస్తుంటే?"

"ఆ పని చేస్తుంటే ఎవరూ ఇల్లు అద్దెకివ్వట్లేదంట. ఇచ్చినవాళ్ళూ ఉండనివ్వట్లేదంట. విసుగొచ్చి ఏదో కొట్లో పనికి చేరిపోయారు. నేను ఎంత అడిగినా మళ్ళీ ఆ వేషం కట్టనన్నారు."

దేవదానానికి కోపం వచ్చింది.

"నలుగుర్నీ నవ్వించే మనిషికి ఇల్లివ్వరా? పెద్దావిడ చేత అన్నం తినిపించిన మనిషిరా. ఎలాంటి వాళ్ళురా వాళ్ళు? మన మేడ మీద గది ఖాళీగానే ఉంది. అద్దె కూడా వద్దు. దేవదానం గారు రమ్మన్నారని చెప్పు."

"మావయ్యా," అన్నాడు శామ్యూల్ రాజ్ నెమ్మదిగా. "ఆ గదిలోంచి నువ్వు ఖాళీ చేయించిన ఏసుబాబే సామ్రాజ్యం."