దానంతట అదే

"దీనికి ఆరు మార్కులేనా సార్?"

సునీల్‌కుమార్ చేతిలోని ఫారం మీద వేలు పెట్టి అడిగింది వినుత. తిరుమణిలోని ఆ సోలార్ ప్లాంట్ కంట్రోల్ రూంలో సర్వర్లు చూసుకునే ఉద్యోగం ఆమెది. అతను బెంగళూరు హెడ్డాఫీసు నుంచి పొద్దున్నే కారులో దిగిన ఐటీ ఎక్స్‌పర్ట్. ఒక్క సర్వర్‌ని పది సర్వర్లలా వాడుకోనిచ్చే సాఫ్ట్‌వేర్లు రెండు పరీక్షకు వచ్చాయి. ఏది కొనాలో మార్కులు వేసి తేల్చడం అతని పని. మూడు వారాలుగా ఆ రెండింటినీ నడిపి చూసింది మాత్రం వినుత.

"ఆరు చాలు" అన్నాడతను తలెత్తకుండా. "మొదటిదానికి తొమ్మిది."

"ఏం చూసి తొమ్మిది?"

"పేరున్న సాఫ్ట్‌వేర్ అమ్మా. పెద్ద కంపెనీలన్నీ అదే వాడతాయి."

వినుత పక్క కుర్చీలోని షిఫ్ట్ ఆపరేటర్ బైలప్ప వైపు చూసింది. బైలప్ప మూతి బిగించి నవ్వు ఆపుకున్నాడు. పొద్దున్నుంచీ ఈ పెద్దమనిషి ఒక్క సర్వర్‌నైనా ముట్టుకోలేదు. రెండుసార్లు కాఫీ తాగాడు, ఫారం నింపాడు, అంతే. గోడ మీది తెరలో మేనేజర్ లక్ష్మీప్రియ బెంగళూరు నుంచి వీడియో కాల్‌లో ఉంది కాబట్టి కాస్త నిటారుగా కూర్చున్నాడు. ఆమె ఏదో ఫైలు చూసుకుంటోంది.

"ఒక సర్వర్ ఆగిపోతే దాని పని పక్కది అందుకోవల్ల సార్. మీ తొమ్మిది మార్కులది అందుకోదు. మళ్లీ మొదలుపెట్టల్లా వద్దా అని అడుగుతా కూర్చుంటాది. ఎవరో ఒకరు పోయి బటన్ నొక్కల్ల. మేము పదిహేను నిమిషాలకొకసారి ఎంత కరెంటు తయారైందో పైకి పంపల్ల. అంతసేపు అది ఎవరి కోసం కాచుకోనుండేది?"

"నొక్కడానికి మీరున్నారు కదా."

"అయితే ఆ తొమ్మిది నాకేసినారా, సాఫ్ట్‌వేర్‌కేసినారా?"

బైలప్ప ఈసారి పైకే నవ్వేశాడు.

సునీల్‌కుమార్ ఫారం మడిచాడు. "ఆ పరీక్ష ఈ ఫారంలో లేదు. వదిలేయండి."

"చేసి చూపిస్తా. ఎంత సేపు పట్టాది."

"వద్దమ్మా. నా మాట వినండి."

"వైరు పీకేది నేనే లే సార్. మీ తెల్లచొక్కాకు దుమ్ము అంటదు."

తెరలో లక్ష్మీప్రియ తలెత్తింది. "ఏ పరీక్ష అది?"

"ఏం లేదు మేడమ్" అన్నాడు సునీల్‌కుమార్ తొందరగా. "వీళ్లు లోకల్‌గా ఏదో చేసుకున్నారు."

వినుతకు ఒళ్లు మండింది. మూడు వారాల పాటు టీ తాగే టైము కూడా వదులుకుని చేసిన పని, ఈ మనిషి నోట్లో 'లోకల్‌గా ఏదో' అయిపోయింది. "ఇట్లాటోళ్లనా బైలప్పన్నా ఎక్స్‌పర్టులని పంపేది" అంది, అందరికీ వినబడేలాగే. సర్వర్ గది అద్దం తలుపు తోసుకుని లోపలికి వెళ్లింది.

పరీక్ష కోసం రెండు సాఫ్ట్‌వేర్లకూ చెరో జత సర్వర్లు ఇచ్చారు. వినుత మొదటి జతలో ఒకదాని వైరు పీకింది. బైలప్ప కెమెరా వైపు తిప్పిన మానిటర్‌లో అంకెలు పోయాయి. మధ్యలో చిన్న గడి ఒకటి వచ్చి, బటన్ నొక్కమని అడిగి, అక్కడే నిలిచిపోయింది. బైలప్ప గడియారం చూసి ఐదు నిమిషాలు లెక్కపెట్టాడు. ఎవరూ నొక్కలేదు. అదీ కదల్లేదు.

తర్వాత రెండో జత. వైరు పీకగానే మానిటర్ నల్లబడింది. ఒక నిమిషం గడిచింది. రెండో నిమిషం పూర్తికాక ముందే అంకెలన్నీ వరుసగా పచ్చగా వెలిగాయి.

"చూసినారు కదా మేడమ్" వినుత చేతిలో వైరుతోనే తెర ముందుకొచ్చింది. "ఎవురూ ముట్టుకోలేదు. ఇరవై మూడుసార్లు పీకినా, ఒక్కసారీ తప్పలేదు. ఆదివారమైనా, పండగైనా, ఈడ మనిషే లేకపోయినా దానంతట అదే లేస్తాది."

"మనిషే లేకపోయినా?"

"లేకపోయినా మేడమ్."

"సునీల్, ఇంత ముఖ్యమైనది మీరెలా వదిలేశారు?"

సునీల్‌కుమార్ ఒకసారి వినుత వైపు చూశాడు. "నా పొరపాటే మేడమ్. సరిగా చూడలేదు." ఫారం విప్పి ఆరు కొట్టేసి పది వేశాడు.

"రెండోదే ఖాయం చేద్దాం. వినుతా, బాగా చేశారు." కాల్ ఆగిపోయింది.

బైలప్ప బల్ల మీద అరచేత్తో ఒక్కటి చరిచాడు. వినుత తీరిగ్గా కుర్చీలో వెనక్కి వాలింది.

"ఇంకో కాఫీ చెప్పమంటారా సార్? వచ్చిన పని అయిపాయ. మార్కులేసేది ఎట్లో కూడా నేర్చుకున్నారు."

అతను లేచి కెమెరా ఆగిందో లేదో ఒకటికి రెండుసార్లు చూసుకున్నాడు. ఫారాన్ని సంచిలో పెట్టుకుని తలుపు దాకా వెళ్లి ఆగాడు.

"మనిషి అక్కర్లేని సాఫ్ట్‌వేర్ దొరికితే ఈ గదిలో మీ ఇద్దరినీ తీసేయాలని హెడ్డాఫీసులో ముందే తీర్మానమైపోయిందమ్మా" అన్నాడు మెల్లగా. "అందుకే, బటన్ నొక్కడానికి ఒక మనిషి కావలసినదానికి తొమ్మిది వేశాను."