మీసాలకంటిన వాసన

మందులు పరీక్ష చేసే గదిలో, పంజరంలో ఒక తెల్ల ఎలుక ఉండేది. రోజూ పొద్దున్నే దాని నోట్లో పురుగుమందు ఒక చుక్క కొలిచి పోసేవారు. కాసేపటికి దాని కాళ్లు వణికేవి.

ఒకరోజు పంజరానికి గడియ వేయడం మరిచారు. తూములోంచి వచ్చిన పొలం ఎలుక అది చూసింది.

"రా అక్కా, మా వంగతోటకి పోదాం. అక్కడ నిన్ను పట్టుకుని మందు పోసేవాళ్లు లేరు" అంది.

తెల్ల ఎలుక తలుపు దాకా వచ్చి ఆగింది. "నీ మీసాలకి ఈ వాసనేంటే? నాకు పోసే మందే ఇది."

"అదా! తోటంతా అదే వాసన. వంకాయల మీద కొడతారుగా."

"ఎంత కొడతారు?"

"ఎవరు చూశారు? పురుగు చచ్చేదాకా కొడతారు."

"మరి నీ కాళ్లు వణకవూ?"

"వణుకుతాయి. చలేమో అనుకున్నా."

"ఎండాకాలంలోనా?"

పొలం ఎలుక తన కాళ్లకేసి చూసుకుంది. తెల్ల ఎలుక వెనక్కి పోయి, పంజరంలో ఒక పక్కకి జరిగి చోటిచ్చింది.

"నువ్వే ఇటు రా చెల్లీ. ఇక్కడ కొలిచైనా పోస్తారు."