వంతెన ఊగుతోంది

"తాళం ఇయ్యరా!" అంటూ చెంచయ్య మేకలకు ఆకు కోసే దోటి తిప్పి ఎబినేజర్ భుజం మీద ఒక్కటేశాడు.

ఎబినేజర్ తూలి రోడ్డు మీద పడ్డాడు. ఆటో తాళం మాత్రం పిడికిట్లోంచి వదల్లేదు. వంతెనకు సెన్సార్లు బిగించి, అది ఎలా ఉందో కనిపెట్టే కంపెనీ మనిషి అతను. ఫోనులో ప్రమాదం గంట మోగగానే వచ్చి దారికి అడ్డంగా నిలబడ్డాడు. బస్సు ఆగింది, ట్రాక్టర్లు ఆగాయి. చెంచయ్య నడిపే ఈ ఆటో ఒక్కటే ఆగనంది. అందుకే తాళం లాక్కున్నాడు.

ఆటోలో చెంచయ్య కూతురు కావ్య నొప్పులతో మెలికలు తిరుగుతోంది. ఆసుపత్రి అవతల మార్కాపురంలో ఉంది. కింద వాగు పొంగి పారుతోంది. వేరే దారి లేదు.

"బిడ్డ అడ్డం తిరిగిందంటరా! తెల్లారినప్పట్నుంచి నొప్పులు పడి అలిసిపోయినాది!"

"ఎక్కితే అందరూ వాగులో పోతారు మామా. వంతెన ఊగుతాందని మిషన్ చెప్తాంది."

"నీ మిషన్ కన్నాదా, పెంచినాదా!"

రెండో దెబ్బ నుదురు చీల్చింది. నెత్తురు కళ్లలోకి కారింది. ఎబినేజర్ పాక్కుంటూ పోయి ఆటో ముందు చక్రాన్ని కావలించుకున్నాడు. వట్టి మొండివాడు! చెంచయ్య వీపనక, పక్కటెముకలనక గొడ్డును బాదినట్టు బాదాడు. లోపల ఏదో పటుక్కుమంది.

"వాణ్ని చంపితే ఏమొస్తాదయ్యా? పిల్ల కళ్లు తేలేస్తాంది!" ఆటోలోంచి భార్య పోలమ్మ కేకేసింది.

చెంచయ్య దోటి తిరగేసి, కొనకున్న కొడవలిని ఎబినేజర్ గొంతుకు తగిలించాడు.

"తాళమా, తలకాయా?"

ఎబినేజర్ ఏడ్చేశాడు. నెత్తుటి చేత్తో ఫోను పైకెత్తాడు.

"నాకూ అక్కాచెల్లెళ్లున్నారు మామా. ఇదో, నువ్వే చూడు. గీత ఎట్ల ఎగురుతాందో!"

తెర మీద ఎర్రగీత ఎగిరెగిరి పడుతోంది. చెంచయ్య వంతెన వైపు చూశాడు. అది కదల్లేదు, మెదల్లేదు.

"యాడ ఊగుతాందిరా?" అని గావుకేక పెట్టాడు.

యజమాని తననే పిలిచాడనుకుని, గట్టు కింద మేస్తున్న పొట్టేలు ఒక్కో గెంతుకూ ఫోనులో గీతను ఎగరేస్తూ రోడ్డెక్కింది. పొద్దున, వాగు ఇంకా పొంగకముందు, వానకు మందను వంతెన కింద నిలిపినప్పుడు, దిష్టి తగలకుండా ఉంటుందని చెంచయ్య వంతెన గోడ నుంచి ఊడబెరికి కట్టిన సెన్సార్ డబ్బా దాని మెడలో ఊగుతోంది.