గుట్టల మీదుగా

చిలుకూరు దాటగానే ఒకామె రోడ్డుకు అడ్డంగా నిలబడి చేతులూపింది.

నాగేశ్వర్ రావు బ్రేకు తొక్కాడు. పోలీసు యాక్షన్ అయిన మరుసటి ఏడాది అది. దారిలో ఎవరు ఆపినా గుండె గుభేలుమనే కాలం. చూస్తే, భుజాన గొంగడితో నడివయసు మనిషి.

"వాగొచ్చిందయ్యా! ఇట్ల పోతే కారు మునుగుతది. గుట్టల మీదికెళ్లి పోవాలె."

"గంత సుట్టు తిరుగుడా?"

"దారి నేను సూపిస్త. నేను గూడ గుట్టల అవుతలికే పోవాలె."

పొద్దుగూకక ముందే మిర్యాలగూడ చేరాలి. కొత్త పెళ్లికూతురు కస్తూరి అత్తగారింట కుడికాలు పెట్టే ముహూర్తం. అత్త పరాయిదేం కాదు, సొంత మేనత్త దుర్గమ్మే. కానీ ముహూర్తం తప్పితే కన్నకొడుకని తననైనా వదలదు.

"ఎక్కు," అన్నాడు నాగేశ్వర్ రావు విసుగ్గా.

ఆమె వెనక సీట్లో కస్తూరి పక్కన ఒదిగి కూర్చుంది.

కారు మూలుగుతూ గుట్ట ఎక్కింది. రెండు పక్కలా తంగేడు పూలు. కింద ఎక్కడో చెరువు మెరుస్తోంది.

"ఎంత మంచిగున్నది బావా!" అంది కస్తూరి.

ఆ ముచ్చట రెండు మలుపులకే తీరింది. కడుపులో తిప్పింది.

"నా ఒళ్లె తల పెట్టు బిడ్డా," అందామె.

పురిట్లోనే తల్లిని పోగొట్టుకున్న పిల్ల. ఊహ తెలిశాక ఎవరి ఒళ్లోనూ పడుకుని ఎరగదు. ఆ గొంగడి వాసనకు మాత్రం చిత్రంగా నిద్రపోయింది.

"జర మెల్లగ పోనియ్యి అయ్యా. గుట్టలు సూడు, ఎంత సక్కగున్నయో!"

నాగేశ్వర్ రావు అద్దంలో చూశాడు. కస్తూరి జుట్టు నిమురుతున్న చేతి మీద తేలు పచ్చబొట్టు. గుట్టలు చూడమన్న మనిషి ఒక్కసారైనా బయటికి చూడలేదు.

గుట్ట దిగారు.

"ఇంకొక్క మలుపు దాక వస్తనయ్యా."

"సాలు, దిగు. ఇప్పటికే పొద్దువోయింది."

ఆమె కస్తూరి తలను మెల్లగా సీటు మీదికి దించింది. బుగ్గలు నిమిరి మెటికలు విరిచింది. దిగి, వచ్చిన గుట్ట దారినే వెనక్కి నడిచింది.

"గీడికే పోవాలన్నది గదా!" అని గొణుక్కున్నాడు నాగేశ్వర్ రావు.

ఇల్లు చేరేసరికి దీపాలు పెట్టేశారు. గడపలో హారతి పళ్లెంతో దుర్గమ్మ మండిపడుతోంది.

"ముహూర్తం దాటిపాయె! ఏడ తిరుగుతున్నవ్ రా?"

"వాగొచ్చిందమ్మా."

"ఏం వాగు? నిన్న ఎల్లిన సారె బండ్లు గా వాగు దాటే ఇప్పుడొచ్చినయి. ఎడ్ల కాళ్లు గూడ తడువలే."

నాగేశ్వర్ రావుకు ఒళ్లు మండింది.

"అయితే గా గొంగడామె మోసం జేసింది! సేతి మీద తేలు పచ్చబొట్టు. మల్ల కనవడనియ్యి, సెప్త!"

దుర్గమ్మ చేతిలో పళ్లెం కిందికి దిగింది. కోపం ఎటు పోయిందో!

"గొర్లకాపరి బీరయ్య పెండ్లాం రేణుకమ్మ."

"ఎవరత్తా ఆమె?" అడిగింది కస్తూరి.

"పెండ్లికి పిలువమంటే మీ నాయిన ఇనకపాయె. నువ్వు గామెనే అమ్మ అని పిలుస్తున్నవని నీ సిన్నప్పుడే గడప తొక్కనియ్యలే."

దుర్గమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది.

"మీ అమ్మ పోయినంక నువ్వు పాలు తాగి పండింది గా ఒళ్లెనే బిడ్డా."