సీసా పెట్టనన్న మనిషి

"గ్లూకోజ్ పెట్టను," అన్నది ఉమ్రావ్ బేగం.

మంచం మీద సత్తమ్మ గోడకు ఆనుకొని కూర్చుంది. పడుకుంటే ఊపిరాడదు. కాళ్లు పొంగి, వేలితో నొక్కితే గుంట పడుతోంది.

సీసా రాయమల్లే కొనుక్కొచ్చాడు. ఒక్కటి ఎక్కితే భార్య లేచి నడుస్తుందని అతని నమ్మకం. ఊరందరి నమ్మకమూ అదే.

ఉమ్రావ్ బేగం చదివిన నర్సు కాదు. ఆసుపత్రిలో ఊడుస్తూ, చూసి చూసి సూది పని పట్టుకున్న మనిషి.

"ఊరందరికీ పెడ్తవ్. నా పెండ్లానికెందుకు పెట్టవ్?"

"ఈ వాపుకు నీళ్లు ఎక్కియ్యొద్దు రాయమల్లన్నా. మనిషి దక్కది. జల్ది మంచిర్యాల తీస్కపో."

"నీకెవరు చెప్పిండ్రు?"

ఆమె సంచి భుజానికి వేసుకుంది.

"సూది ఆస్పత్రిల నేర్సుకున్న. గిది ఇంట్ల నేర్సుకున్న."

"ఇంట్ల నేర్సుకునేటందుకు గిదేమన్న పచ్చిపులుసా?"

వాకిట్లో ఉన్నవాళ్లు నవ్వారు. సత్తమ్మ కూడా నవ్వబోయి దగ్గింది.

పక్క ఊళ్లో సూదులు వేసే సంపత్ వచ్చి సీసా పెట్టాడు. దూలానికి కట్టిన సీసా సగం దిగకముందే సత్తమ్మ నోట నురగ వచ్చింది.

"ముందే పెడితే దక్కేది," అన్నాడు సంపత్, సూది పీకుతూ.

రాయమల్లు ఆ మాటే పట్టుకున్నాడు. బేగం సీసా పెట్టక చంపిందని కూర్చున్న చోటల్లా చెప్పాడు. ఊరు ఆమెను పిలవడం మానేసింది. ఎదురుపడితే అతను ఉమ్మేసేవాడు. ఆమె పక్కకు తప్పుకొని పోయేది.

కొన్నేళ్లకు రాయమల్లు కాళ్లూ పొంగాయి.

"ఒక్క సీసా పెట్టు సారూ, పానం లేస్తది," అన్నాడు మంచిర్యాల ఆసుపత్రిలో.

"గుండె బలం తగ్గింది తాతా. ఇప్పుడు సీసా ఎక్కిస్తే ఊపిరితిత్తుల్లో నీళ్లు నిండి ప్రాణం పోతుంది," అన్నాడు డాక్టరు.

రాయమల్లు బస్సు దిగి ఇంటికి పోలేదు. ఉమ్రావ్ బేగం గడప ముందు నిలబడ్డాడు.

ఆమె కూతురు యాస్మీన్ లోపలికి రమ్మనలేదు.

"అమ్మీ రంజాన్ ముంగటనే పోయింది కాకా. మట్టికి రాలే గదా నువ్వు, ఇప్పుడెందుకొచ్చినవ్."

అతను తలుపు చెక్క పట్టుకున్నాడు.

"బిడ్డా, గా సీసా సంగతి మీ అమ్మకెట్ల తెల్సు?"

"మా అబ్బాకు గిట్లనే కాళ్లు పొంగినయి. సీసా సగం దిగకముందే పోయిండు."

"ఎవరు పెట్టిండ్రు?"

"అమ్మీయే."